ఆషాఢంలో అత్తాకోడళ్ళు: స్కోమర్ దీవిలో రెండు రాత్రులు

జూన్ 26, గురువారం: మార్లోస్

వరుసగా నాలుగు వారాలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేశాక, ఇంట్లో ఉన్న రోజున కూడా నాకు నిద్ర పట్టడం మానేసింది. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చేది, ఏ మంచం దగ్గరి మానిటరో మోగుతున్నట్టు చెవుల్లో ఒకటే రొద. నర్సు ఉద్యోగంలో ఇది కొత్తేమీ కాదు. అయినా మా ఆయన భయపడి, పిల్లలను తాను చూసుకుంటానని, నన్ను రెండు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రమ్మని పట్టుబట్టారు. అప్పటికి మూడు వారాలుగా బ్రిస్టల్‌లో మా ఇంట్లోనే ఉన్న మా అత్తయ్య, "ఒక్కదానివే ఎందుకమ్మా, నేనూ వస్తాను" అన్నారు. అలా వేల్స్ పడమటి కొసన ఉన్న స్కోమర్ అనే చిన్న దీవికి మా ఇద్దరి ప్రయాణం ఖాయమైంది.

బయలుదేరిన రోజునే ఆషాఢం మొదలైంది. కొత్త కోడలైతే ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదంటారు. సెవర్న్ వంతెన మీద ఆ మాట గుర్తుచేస్తే, "పద్నాలుగేళ్ళకు కూడా కొత్త కోడలివేనా, నడుపు" అని అత్తయ్య నవ్వారు.

మూడున్నర గంటల్లో చేరవలసిన వాళ్ళం, అయిదు గంటలు పట్టింది. ఆ ఆలస్యంలో చివరి అరగంట పూర్తిగా నా పొరపాటే. మార్లోస్ ఊరి దగ్గర రేవు వైపు పోవలసిన దాన్ని ఇసుక తీరం వైపు సందులోకి తిప్పాను. ఇరువైపులా మనిషి ఎత్తు గట్లు, వాటి మీద పొదలు, ఒక్క కారు మాత్రమే పట్టే దారి. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. వెనక్కి నడపడంలో నాకున్న నేర్పు ఎంతో ఆ ట్రాక్టరు నడిపే పెద్దాయనకు రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. ఆయన హారన్ కొట్టలేదు, చేతులు ఊపలేదు. ఇంజను ఆపేసి, నేను వెనక్కి వెళ్ళి ఒక పొలం గేటు ముందు ఒదిగేదాకా అలాగే కూర్చున్నాడు. దాటిపోతూ స్టీరింగు మీది నుంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తాడు. ఈ ప్రాంతంలో నమస్కారమైనా, కృతజ్ఞతైనా, క్షమించడమైనా ఆ ఒక్క వేలితోనే జరిగిపోతుందని తరువాత గమనించాను.

రాత్రి ఊళ్ళోని పబ్‌లో రెండు పళ్ళేల చేపా చిప్స్, రెండు టీలు తీసుకుంటే 35 పౌండ్లయింది. అత్తయ్య పుట్టిల్లూ అత్తిల్లూ కూడా నిజాంపట్నం దగ్గరే కనుక చేప విషయంలో ఆవిడ మాటే తీర్పు. పైనున్న మందపాటి పిండి కవచాన్ని ఫోర్కుతో విప్పి పక్కన పెట్టి, లోపలి తెల్లని చేపను మాత్రం తిని, "చేప మంచిదే, దీనికి ఇంత పెద్ద కోటు ఎందుకు తొడిగారో" అన్నారు. బ్యాగులో తెచ్చుకున్న కారప్పొడి పొట్లం బల్ల కిందనే విప్పి, కిందనే మూసేశాము.

జూన్ 27, శుక్రవారం: రేవు, మెట్లు, బొరియలు

మార్టిన్స్ హేవెన్ అనేది పేరుకే రేవు. రెండు కొండల నడుమ గులకరాళ్ళ ఒడ్డు, ఒక చిన్న గట్టు, అంతే. దీవికి పోయే పడవ అక్కడి నుంచే బయలుదేరుతుంది. పడవ ఎక్కడానికి ముందే ప్రతి సంచినీ ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే స్కోమర్ మీద పెద్ద ఎలుకలు (ర్యాట్లు) లేవు. నేలలో బొరియలు తవ్వుకుని గుడ్లు పెట్టే పక్షుల దీవికి గర్భంతో ఉన్న ఎలుక ఒక్కటి చేరినా చాలు, కొన్నేళ్ళలో ఆ గుడ్లన్నీ దాని సంతానం పాలవుతాయి. ఇతర దీవుల్లో అలాగే జరిగింది. అందుకని తిండి సామాను మూత గట్టిగా పట్టే డబ్బాల్లో తేవాలన్నది నియమం. మా పులిహోర, పెరుగు, ఆవకాయ, వేయించిన మినపసున్ని ఉండలు నాలుగు స్టీలు డబ్బాల్లో ఉన్నాయి. వాటి మూతలను గట్టిగా లాగి చూసిన వాలంటీరు, ఈ రోజు తాను చూసిన వాటిలో ఇవే మేలైన డబ్బాలని మెచ్చుకుంది. ఆ ప్రశంసను అత్తయ్యకు తెలుగులో చెప్పాను. "తెనాలిలో కొన్నవని చెప్పు" అన్నారు. అదీ చెప్పాను.

పడవలో పదిహేను నిమిషాలు. ప్రధాన భూమికీ దీవికీ మధ్యనున్న జాక్ సౌండ్ అనే ఇరుకు జలసంధిలో పోటూ పాటూ మారే వేళల్లో నీరు ఏటి వరదలా పరుగెడుతుంది. ఆ పరుగును చూసి నేను కమ్మీ పట్టుకున్నాను. అత్తయ్య మాత్రం నీళ్ళ రంగును చూసి, పాటు మొదలై ఎంతసేపయిందో లెక్క కట్టి, పడవ నడిపే అతనిని అడిగి సరిచూసుకోమన్నారు. ఒక పావుగంట తేడాతో ఆవిడ లెక్క సరిపోయింది.

దిగగానే 87 మెట్లు. కొండ అంచున నిట్టనిలువుగా, ఒక పక్క తాడు. రాత్రి బస చేసే వాళ్ళు దీవి మొత్తం మీద పదహారు మందే. ఎవరూ చెప్పకుండానే ఆ పదహారు మందీ మెట్ల మీద వరుసగా నిలబడి సంచులను ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటూ పైకి చేర్చారు. పేర్లు అడగకుండా, ఏ ఊరో అడగకుండా సామాను మోశారు. మన దగ్గరైతే నాలుగో సంచికల్లా గోత్రాలు తెలిసిపోయేవి. అత్తయ్యను కూర్చోబెట్టాలని ఒకాయన చూశాడు కాని, ఆవిడ అప్పటికే నడుముకు కొంగు బిగించి పన్నెండో మెట్టు మీద తన చోటు తీసుకున్నారు.

మెట్లు ఎక్కుతుండగానే పఫిన్లు కనిపించాయి. నేను దుర్భిణీ కోసం బ్యాగులో వెతుకుతున్నాను, అవేమో చేయి చాస్తే అందేంత దూరంలో, మెట్ల పక్క గడ్డి మీద నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. పావురమంత పక్షి. నల్లని వీపు, తెల్లని పొట్ట, నారింజ రంగు పాదాలు, ఎరుపు పసుపు చారలున్న బండ ముక్కు. ఆ రంగులన్నీ సంసారపు కాలంలోనే. గుడ్లూ పిల్లలూ అయిపోయాక ముక్కు మీది రంగు తొడుగు ఊడిపోతుంది, చలికాలమంతా బూడిదరంగు మొహంతో నడిసముద్రంలోనే గడుపుతుంది. దీవి మీద ఇవి 40 వేలకు పైగా ఉన్నాయి. వెల్ష్ భాషలో పఫిన్‌ను 'పాల్' అంటారని ఎవరో చెప్పగానే, అత్తయ్య రెండు రోజులూ వాటిని 'పాలపిట్ట' అనే పిలిచారు. మన పాలపిట్టకు దీనితో ఏ చుట్టరికమూ లేదని చెప్పినా వినలేదు.

మా బస దీవి నడిబొడ్డున ఉన్న పాత రైతు ఇంటి కొట్టాల్లో. ఒకప్పుడు ఇక్కడ వ్యవసాయం సాగింది, ఇప్పుడు ఆ రాతి కట్టడాలనే గదులుగా మార్చారు. మంచం, పరుపు ఇస్తారు. దుప్పట్లు, తిండి, చివరికి వెళ్ళేటప్పుడు చెత్త కూడా మనవే. దుకాణం లేదు. వంటగది అందరిదీ ఒకటే. మధ్యాహ్నం పులిహోర తీయగానే, ఎదురుగా కూర్చుని చల్లని సాండ్‌విచ్ తింటున్న ఒక రిటైరైన పంతులుగారి కళ్ళు డబ్బా మీద నిలిచాయి, కాని ఆయన నోరు మెదపలేదు. ఇక్కడి మర్యాద అదే, అడగరు. మన మర్యాద ప్రకారం అడగకముందే పెట్టాలి. అత్తయ్య ఆయన సాండ్‌విచ్ పక్కన రెండు గరిటెలు వడ్డించేశారు. ఆయన మొదట బిత్తరపోయి, తరువాత ఇంగువ వాసన ఏమిటని అడిగి, మూడో ముద్దకు ఎండుమిరపకాయను కూడా నమిలేశాడు. ఆ తరువాత అర లీటరు పాలు తాగాడు.

సాయంత్రం నాలుగు దాటేసరికి, రోజు టికెట్టు మీద వచ్చిన జనం చివరి పడవలో వెళ్ళిపోయారు. రోజుకు 250 మందిని మాత్రమే రానిస్తారు. వాళ్ళు కూడా పోయాక 292 హెక్టార్ల దీవి మీద మనుషుల అలికిడి ఒక్కసారిగా తగ్గింది. నడవడానికి మాత్రం సన్నని కాలిబాటే గతి. బాట దాటి ఒక్క అడుగు వేసినా కింద బొరియ కూలి, లోపలి పక్షి సమాధి అయిపోతుంది. నేల మొత్తం జల్లెడలా ఉంది. కొన్ని కుందేళ్ళు తవ్వినవి, కొన్ని పఫిన్లవి, మిగిలినవన్నీ అప్పటికి మేము ఒక్కదాన్ని కూడా చూడని ఇంకొక పక్షివి.

శుక్రవారం రాత్రి

ఆ పక్షి పేరు మాంక్స్ షియర్‌వాటర్. ప్రపంచంలో దాని అతిపెద్ద కాలనీ ఈ దీవే, సుమారు మూడున్నర లక్షల జంటలు. పగలంతా తిరిగినా ఒక్కటీ కనిపించదు. ఆలుమగల్లో ఒకటి బొరియలో ఒకే ఒక్క గుడ్డు మీద కూర్చుని ఉంటుంది, రెండోది ఎక్కడో సముద్రం మీద తిండి వెతుక్కుంటూ ఉంటుంది. బయటికి వెళ్ళినది తిరిగొచ్చి గుడ్డు మీద కూర్చునేదాకా లోపలిది కదలదు. ఒక్కొక్క వంతు అయిదారు రోజులు పడుతుందని పరిశోధన కోసం అక్కడ ఉంటున్న ఒక విద్యార్థిని చెప్పింది. తిండి, నీళ్ళు ఏమీ ఉండవు. మా వార్డులో రిలీవరు అరగంట ఆలస్యమైతే మేము చేసే గొడవ గుర్తొచ్చి నేను ఆ అమ్మాయి ముందు కాస్త సిగ్గుపడ్డాను.

మారకం చీకట్లోనే జరగాలి. షియర్‌వాటర్‌కు కాళ్ళు బాగా వెనకగా ఉంటాయి. ఈదడానికి అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి, నేల మీద మాత్రం అది నిలబడలేదు, పొట్ట మీద పాకవలసిందే. దాన్ని వేటాడే పెద్ద నల్లవీపు గల్ అనే సముద్రపు పక్షులు దాని కోసమే కాచుకుని ఉంటాయి. కనుక వెన్నెల రాత్రుల్లో ఒడ్డుకు వచ్చేవి తక్కువ. అమాస ఇటూ అటూ రోజుల్లో అయితే గుంపులు గుంపులుగా దిగుతాయి. ఆ రోజు ఆషాఢ శుద్ధ విదియ. పూరీలో రథం కదిలే రోజని అత్తయ్య పొద్దున్నే చెప్పి దణ్ణం పెట్టుకున్నారు. గోరంత చంద్రుడు పడమట దిగిపోయాక, మబ్బు కూడా తోడై, చేయి కనిపించని చీకటి కమ్మింది. ఎర్ర కాంతి టార్చి ఒకటి పట్టుకుని కొట్టాల బయట గోడకు ఆనుకుని నిలబడ్డాము.

మొదటి అరుపు విని నేను నిజంగానే ఉలిక్కిపడ్డాను. పిల్లల వార్డులో పనిచేసిన వాళ్ళకు కోరింత దగ్గు తెలుసు. దగ్గు తెర మీద తెరగా వచ్చి, చివర్లో ఊపిరి లోపలికి లాగేటప్పుడు కూత వస్తుంది. అచ్చంగా అది. ఆకాశంలో నుంచి ఒక కూత, దానికి నేల లోపల నుంచి జవాబు. తరువాత పది, తరువాత వంద, ఆ తరువాత లెక్క లేదు. మగదాని గొంతు కాస్త తేటగా, ఆడదాని గొంతు బొంగురుగా ఉంటుంది. గొంతును బట్టే బొరియలోని పక్షి తన జోడును పోల్చుకుంటుంది. మా తలల మీదుగా రెక్కల గాలి కొట్టుకుంటూ పోతోంది. కనిపించేది ఏమీ లేదు, దభీదభీమని నేల మీద పడుతున్న చప్పుడు తప్ప. వాలడం కూడా వాటికి సరిగా రాదు, వచ్చి పడతాయంతే.

ఒకటి నా బూటు పక్కనే పడింది. ఎర్ర వెలుగులో చూశాను. వీపు నలుపు, గొంతు తెలుపు, ముక్కు పైన చిన్న గొట్టంలాంటి నాసిక. ఒక్క క్షణం రొమ్ము ఎగసిపడుతూ అలాగే ఉండి, రెక్కల మడమలను చేతికర్రల్లా నేలకు ఆనించి, పొట్టను ఈడ్చుకుంటూ బాట దాటింది. ఒక బండ కింది బొరియ ముందు ఆగి కూసింది. లోపలి నుంచి బొంగురు గొంతు పలికింది. మొదట తల, తరువాత రెక్కలు, చివరికి వెనక్కి చాచిన గులాబీ నలుపు కాళ్ళు లోపలికి వెళ్ళిపోయాయి. లోపల కాసేపు ఇద్దరి గొంతులూ కలిసి వినిపించాయి. అప్పగింతలు జరుగుతున్నాయన్నాను. "ఆలస్యమైనందుకు తిట్టు పడుతోంది" అని అత్తయ్య దిద్దారు.

పడుకునేసరికి రెండు. దుమారంలాంటి ఆ గోల కిటికీ బయట ఆగనే లేదు. నేను మాత్రం ఏడున్నర దాకా కదలకుండా నిద్రపోయానట.

జూన్ 28, శనివారం: విక్, గార్లండ్ స్టోన్

పొద్దున కొట్టాల వెనక బాట మీద నాలుగు చోట్ల షియర్‌వాటర్ రెక్కలు కనిపించాయి. వంటి భాగమంతా పోయి, చర్మం తొడుగులా తిరగేసి, రెండు రెక్కలు మాత్రం గట్టి ఎముకతో అతుక్కుని మిగిలాయి. గల్ పక్షులు తెల్లవారకముందే తమ డ్యూటీ ముగించాయి. రాత్రి నా బూటు పక్కన దిగినది ఇందులో ఉందేమోనన్న ఆలోచన వచ్చింది కాని, అది బండ కిందికి చేరడం మేము చూశాము కదా.

దక్షిణాన విక్ అనే చోట సముద్రం కొండను నిలువుగా కోసింది. ఎదుటి గోడ మీద అంతస్తులుగా గిల్లెమాట్లు, రేజర్‌బిల్లులు, కిట్టివేకులు అనే సముద్రపు పక్షులు. బొంబాయి లోకల్ రైల్లో కూడా ఇంతకంటే చోటుంటుంది. ఇవతలి గడ్డి గట్టు పఫిన్లది. జూన్ చివరన పిల్లలకు మేత తెచ్చే కాలం కనుక ప్రతి నిమిషానికీ ఒకటి నోటి నిండా చేపలతో దిగుతోంది. శాండ్ ఈల్ అనే ఆ సన్నని చేపలు వెండి తీగల్లా ముక్కుకు రెండు వైపులా వేలాడుతాయి. నాలుక మీదా అంగిలి మీదా ఉన్న ముళ్ళతో ముందు పట్టినవాటిని బిగించి ఉంచుతుంది కనుక, నోరు తెరిచి ఇంకో చేపను పట్టినా మొదటివి జారవు. అత్తయ్య దుర్భిణీ తీసుకుని ఒకదాని నోట్లో తొమ్మిది లెక్కపెట్టి, "మన నెత్తళ్ళ కంటే పొడుగు, వేపుడుకు బాగుంటాయి" అన్నారు. ఆ తొమ్మిదితో దిగిన పఫిన్ మా ఇద్దరి మధ్య నుంచే నడిచింది. బాటకు అవతల తన బొరియ ఉంది, అడ్డంగా మనుషులున్నారు, కొంచెం ఆగి, మేము కదలకపోయేసరికి చీర కుచ్చిళ్ళకు జానెడు దూరంలో చకచకా దాటి లోపలికి దూరింది. వెంట తరుముకొచ్చిన ఒక గల్ ఉత్తచేతులతో తిరిగిపోయింది.

అక్కడి నుంచి చూస్తే దక్షిణాన స్కోఖోమ్ అనే మరొక దీవి కనిపిస్తుంది. 1952లో అక్కడి షియర్‌వాటర్ ఒకదాన్ని విమానంలో అమెరికాకు తీసుకుపోయి బోస్టన్‌లో వదిలారు. అట్లాంటిక్‌ను దాటి పన్నెండున్నర రోజుల్లో అది తన బొరియకు చేరింది. దాన్ని వదిలామని అక్కడి నుంచి రాసిన ఉత్తరం ఆ తరువాత వచ్చింది. ఇవి చలికాలానికి ఎలాగూ బ్రెజిల్, అర్జెంటీనా తీరాల దాకా పోయి వస్తాయి. యాభై ఏళ్ళకు పైబడి బతికినవి కూడా ఉన్నాయి. "ప్రతి ఏడూ పుట్టింటికి వచ్చిపోయే ఆడపిల్లలన్నమాట" అన్నారు అత్తయ్య. నేను దానికేమీ జవాబివ్వలేదు. నాలుగేళ్ళుగా నేను మా పుట్టిల్లు కాకినాడకు వెళ్ళలేదన్న సంగతి ఆవిడకూ తెలుసు.

మధ్యాహ్నం ఉత్తర కొసన గార్లండ్ స్టోన్ అనే సముద్రపు బండ ఎదుట కూర్చున్నాము. డాల్ఫిన్లను పోలిన పార్పాయిస్‌ల వీపులు నల్లగా రెండుసార్లు తేలి మునిగాయి. ఈ దీవిలో తప్ప ఎక్కడా లేని స్కోమర్ వోల్ అనే, చిట్టెలుకను పోలిన ప్రాణి ఒకటి బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల కింద కాసేపు ఆకులు కదిపింది. దానికోసం పట్టపగలే తిరిగే పొట్టి చెవుల గుడ్లగూబను చూడాలని నాకు ఎంతో కోరిక. కళ్ళజోడు తుడుచుకుంటూ బండకు ఆనుకున్నాను, అంతే తెలుసు. గంటన్నర తరువాత లేచేసరికి, గుడ్లగూబ వచ్చి, మూడు చుట్లు తిరిగి, వెళ్ళిపోయిందని అత్తయ్య చెప్పారు. "లేపకపోయారా అత్తయ్యా?" అన్నాను. "గుడ్లగూబ కోసం నిన్ను నిద్ర లేపుతానా?" అన్నారు.

పొద్దు వాలుతుండగా మళ్ళీ విక్ దగ్గరికి వెళ్ళడం మాత్రం ఆవిడ పట్టుదలే. గిల్లెమాట్ పిల్లలు ఆ వేళలోనే దూకుతాయని పులిహోర పంతులుగారు చెప్పారు. మూడు వారాల పిల్లకు ఎగరడం రాదు. కింద నీళ్ళలో తండ్రి తేలుతూ పిలుస్తూ ఉంటాడు, పైన అంచున పిల్ల ముందుకు వస్తుంది, వెనక్కి పోతుంది. మేము చూసినది ఇరవై నిమిషాలు తటపటాయించింది. చివరికి పిడికెడు నల్లని ముద్ద గాలిలోకి వచ్చి, బొద్దు రెక్కలు ఆడిస్తూ, రాయి పడినట్టు నీళ్ళలో పడింది. క్షణంలో తేలింది. తండ్రి పక్కకు చేరాడు, ఇద్దరూ చీకటి సముద్రంలోకి ఈదుకుంటూ పోయారు. తల్లి పైనే ఉండిపోయింది. అత్తయ్య చాలాసేపు కొండ అంచునున్న ఆ తల్లి పక్షినే చూశారు. మా ఆయన పద్దెనిమిదేళ్ళ కిందట హైదరాబాదు విమానాశ్రయంలో లోపలికి వెళ్ళినప్పుడు ఆవిడ అద్దాల బయటే నిలబడ్డారని నాకు తెలుసు. ఆ సంగతి మేమెవరమూ ఎత్తలేదు.

జూన్ 29, ఆదివారం: తిరుగు పడవ

మిగిలిన మినపసున్ని ఉండలు పదహారు మందికీ పంచడానికి సరిపోలేదు, సగం సగం చేసి పెట్టాము. పరిశోధక విద్యార్థిని తన వాటా జేబులో వేసుకుంటూ, తాను చూస్తున్న బొరియల్లో ఒకదానిలో నిన్న రాత్రి వంతు మారిందని, వారం రోజులు కూర్చున్న తల్లిపక్షి తెల్లవారేలోపు సముద్రానికి వెళ్ళిపోయిందని చెప్పింది. రాత్రి డ్యూటీ దిగిన మనిషిని చూసినట్టు నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఖర్చు లెక్క అడిగేవాళ్ళకు, బస, పడవ ఛార్జీలు కాక: పెట్రోలు రానూపోనూ 45 పౌండ్లు, దారి తిండి, సరుకులు కలిపి మరో 60. దీవి మీద ఖర్చు పెట్టాలన్నా చోటు లేదు.

రేవు దగ్గర గట్టు ఎక్కి కారు ఆపిన చోటికి వచ్చాక, రెండు రోజుల తరువాత ఫోనుకు సిగ్నల్ వచ్చింది. అత్తయ్య వెంటనే నిజాంపట్నంలో ఉన్న మామయ్యకు చేశారు. మాటల్లో చెప్పడం కుదరక, ఊపిరి పీల్చి, షియర్‌వాటర్ కూతను యథాతథంగా, చివరి ఊపిరి లాగుడుతో సహా ఫోనులో వినిపించారు. పక్క కారులో బూట్లు విప్పుతున్న దంపతులు తలెత్తి చూశారు. అవతల కాసేపు నిశ్శబ్దం. తరువాత మామయ్య గొంతు స్పీకరులో వినిపించింది: "ఫోను అమ్మాయికి ఇవ్వు. నీ దగ్గు సంగతి నర్సునే అడుగుతాను."